ఈగలు కట్టే వైసు

2018 జూలై మొదటి వారంలో మా ప్రిన్సిపాల్ గారి సంతకంతో నాకొక ఉత్తర్వు అందింది. అప్పుడు నేను కరీంనగర్ ప్రాంతంలోని ఒక పారిశ్రామిక శిక్షణ సంస్థలో ఫిట్టర్ విభాగానికి డిప్యూటీ ట్రైనింగ్ ఆఫీసర్‌ని. మా శాఖలో తరగతిలో నిలబడి పాఠం చెప్పేవాళ్లు అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్లు. వాళ్ల పైన నేను, నా పైన ప్రిన్సిపాల్. వర్క్‌షాపు చూసుకోవడం, కొనబోయే సామాను ఎలా ఉండాలో కాగితం మీద రాయడం, పరీక్షలు జరిపి మార్కులు వేయడం నా పనులు. మరో తొమ్మిది నెలల్లో రిటైర్ కావలసినవాణ్ని.

మెట్‌పల్లిలో బీడీలు చుట్టే ఇరవై మంది మహిళలకు మూడు నెలల శిక్షణ ఇవ్వాలని, దానికి నేను ఇన్‌ఛార్జిగా ఉండాలని ఆ ఉత్తర్వు సారాంశం. శిక్షణ దేంట్లోనో చదివి కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను. ‘చేపల గాలానికి ఈగలు కట్టుట’ అని ఉంది.

తెలియనివారికి రెండు ముక్కల్లో చెబుతాను. చలిదేశాల్లో సరదాకు చేపలు పట్టేవాళ్లు గాలానికి ఎరను గుచ్చరు. కోడి ఈక, బొచ్చు, పట్టుదారం కలిపి గాలం మీదనే ఈగలాంటి బొమ్మను కట్టి నీళ్లమీద విసురుతారు. చేప అది నిజం పురుగనుకుని నోరు తెరుస్తుంది. ఈ బొమ్మ ఈగల్ని చేత్తోనే కట్టాలి, ఇంతవరకు యంత్రం రాలేదు. కలకత్తాలో వీటిని కట్టించి ఎగుమతి చేసే వ్యాపారి ఒకాయన, బీడీకి దారం చుట్టే వేళ్లయితే ఈ పనికి అచ్చంగా సరిపోతాయని ఎవరి ద్వారానో విని మా శాఖను సంప్రదించాడు. మొదటి రోజు నేను ఇదంతా వివరిస్తే వెనకవరసలో ఒకామె లేచి, "మా దిక్కు చేపలు గింత అమాయకంగ లెవ్వు సారూ, ఎర్ర లేనిదే మొఖం గూడ జూడయి" అంది. ఎర్ర అంటే వానపాము. హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను.

శిక్షణకు ముందే నా మీద పడ్డ పని వైసును ఎంచడం. వైసు అంటే వస్తువును కదలకుండా పట్టి ఉంచే పనిముట్టు. మా ఫిట్టర్లు వాడే బెంచి వైసును ఒక మనిషి ఎత్తాలంటే నడుం పట్టేస్తుంది. ఈగలు కట్టే వైసు అందులో మునిమనవడి లెక్క. జానెడు నిలువు కడ్డీ, దాని తలకు ఏటవాలుగా పక్షిముక్కులాంటి రెండు సన్నని దవడలు, వాటిని బిగించే మర. గాలాన్ని ఆ దవడల మధ్య పట్టిస్తే రెండు చేతులూ దారానికీ ఈకకూ ఖాళీగా ఉంటాయి. వైసు ఒక్కటి వెయ్యి రూపాయలకు మించరాదని ఉత్తర్వులో రాసి ఉంది.

మూడు నమూనాలు తెప్పించాను. కలకత్తా వ్యాపారి వాడేది మొదటిది. చూడగానే ముచ్చటేసింది, కానీ ధర రెండింతల పైమాట. రెండోది ఇంటర్నెట్‌లో ఆర్డరు పెడితే వచ్చిన విదేశీ సరుకు. ధరకు సరిపోయింది గాని, మర నాలుగుసార్లు తిప్పేసరికి గీరుకుపోయి చేతికొచ్చింది. మూడోది నేనే గీసిచ్చిన బొమ్మ ప్రకారం సత్తయ్య చేసినది. సత్తయ్య నా పాత విద్యార్థి, కరీంనగర్‌లో లేతు మిషన్లు పెట్టుకుని సొంతంగా వర్క్‌షాపు నడుపుతున్నాడు.

ఈ మూడోదాని మీద నాకు మోజు పుట్టింది. బీడీలు చుట్టే ఆడవాళ్లు కింద కూర్చుని చేస్తారు. బల్ల అంచుకు బిగించే వైసు వాళ్లకు పనికిరాదు, కింద పెడితే ఒరగకుండా నిలిచే బరువైన పీఠం కావాలి. ఇనుప పీఠం పోయిస్తే ధర దాటుతుంది. మా దగ్గర గ్రానైటు పాలిషు ఫ్యాక్టరీల వెనక కోతముక్కలు కుప్పలుగా పడి ఉంటాయి. అరచేయంత ముక్కకు బెజ్జం కొట్టించి కడ్డీని అందులో దించాను. నల్లగా నిగనిగలాడుతూ బహుమతి వస్తువులా తయారైంది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ప్రిన్సిపాల్ గారు ఒకదాన్ని తన బల్లమీద పెట్టుకుని వచ్చినవాళ్లందరికీ చూపించారు. నేను ఎంత ఉబ్బిపోయానో ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వేడెక్కుతాయి.

నమూనా ఇచ్చేటప్పుడే సత్తయ్య ఒక మాట అన్నాడు. "సార్, దవడలు మామూలు ఇనుంతోటి జేసిన. గిది నిలువది. పాత లారీ కమాన్ పట్టీ తెచ్చి కోసి, ఎర్రగ కాల్చి నూనెల ముంచుత. జర ఖర్చయితది గని ఏండ్లకేండ్లు ఫికరుండది." కమాన్ పట్టీ అంటే లారీ బరువు మోసే స్ప్రింగు ఉక్కు పట్టీ. అలా కాల్చి ముంచడాన్ని మేం హార్డెనింగ్ అంటాం, అంటే ఉక్కును కాల్చి చల్లార్చి గట్టిపరచడం. దాన్ని అతనికి నేర్పింది నేనే. కానీ అలా చేస్తే వైసుకు పదకొండు వందలు దాటుతుంది. పైగా ఒక చిన్న గాలాన్ని పట్టడానికి అంత గట్టి ఉక్కు దేనికనిపించింది. సన్నదారంతో చేసే పని, సుత్తిదెబ్బలు పడేదీ కాదు. అవసరం లేదు, ఇలాగే చెయ్యమన్నాను. సత్తయ్య ఇంకోసారి నా మొహం చూసి, "మీ ఇష్టం సార్" అని ఊరుకున్నాడు.

ధరకు లోబడి కూడా దారి ఉండేది. గ్రానైటు పాలిషు మానేస్తే ఆ డబ్బు దవడలకు సరిపోయేది. ఆ లెక్క నాకు తట్టలేదని చెప్పను, తట్టింది. కానీ నల్లటి మెరుపు వదులుకోబుద్ధి కాలేదు.

కొనుగోలు కమిటీ ముందు పట్టు పరీక్ష చేసి చూపించాను. ఎనిమిదో నంబరు గాలాన్ని దవడల్లో బిగించి, పటకారుతో నిలువునా లాగాను. కదల్లేదు. గాలాల లెక్క తిరకాసుగా ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. ఎనిమిది అంటే వేలిగోరంత, పదహారు అంటే ఇంచుమించు బియ్యపుగింజంత. ఆడవాళ్లు ఎక్కువగా కట్టవలసింది పదహారు. నేను పరీక్షించింది నా కంటికి ఆనే ఎనిమిది. ‘దవడల పట్టు సంతృప్తికరం’ అని రాసి సంతకం చేశాను. దవడలు ఎంత గట్టిగా ఉండాలో చెప్పే వరుసను వివరాల కాగితంలో రాయనే లేదు. ఇరవై ఏళ్లకు పైగా అదే పాఠం చెప్పినవాణ్ని.

ఆగస్టులో శిక్షణ మొదలైంది. మొదటి నెల నేర్పడానికి కలకత్తా నుంచి ఒక మాస్టర్ వచ్చాడు. ఆయన హిందీ, వీళ్ల ఉర్దూ కలిసిన తెలుగు చక్కగా అతికాయి. ఆయన సొంత వైసుతోనే కూర్చున్నాడు కాబట్టి మా వైసు గుణం ఆయనకు తెలిసే అవకాశం లేకపోయింది. వెళ్లేముందు నాకు ఒక్క పేరు చెప్పాడు, రాజమణి. ఆమెను వదులుకోవద్దని, ఆమె వేళ్లు తనకంటే బాగున్నాయని అన్నాడు.

రాజమణికి అప్పటికి నలభై లోపే. మెట్‌పల్లి పక్క ఊరు. భర్త దుబాయిలో కట్టడాల పనికి పోయి రెండేళ్లయింది. పన్నెండేళ్ల వయసు నుంచి బీడీలు చుడుతోంది. పొగాకు ధూళికి రెండేళ్లుగా ఆయాసం పట్టుకుంది. జగిత్యాల డాక్టరు ఈ పని మానకపోతే మందులు వేసుకుని లాభం లేదని తెగేసి చెప్పాడట. శిక్షణ చివర పరీక్షలో మొదటి స్థానం వచ్చిన ఒకరిని సహాయ శిక్షకురాలిగా తీసుకుంటామని ఉత్తర్వులో ఉంది. పొగాకు లేని పని, నెలనెలా జీతం. రాజమణి దానికోసమే వచ్చింది, దాచుకోలేదు కూడా. "నాకు గా నౌకరి గావాలె సారూ. ఆకు వాసనొస్తెనే నా పానం పోతుంది" అని మొదటి వారంలోనే నాతో అంది.

సెప్టెంబరు నడుమ చిన్న గాలాలు మొదలుపెట్టాం. నాలుగో రోజు రాజమణి తన వైసు తెచ్చి నా ముందు పెట్టింది.

"దారం బిగిచ్చి గుంజంగనే గాలం తిర్గుతుంది సారూ. దవడలు పడ్తలెవ్వు."

నేను వైసు తీసుకుని, జేబులోంచి ఎనిమిదో నంబరు గాలం తీసి బిగించి పటకారుతో లాగాను. కదల్లేదు. మిగతా పందొమ్మిది మందికి లేని ఇబ్బంది నీకెందుకమ్మా అన్నాను. దారాన్ని మరీ గుంజుతున్నావు, చెయ్యి తేలిక చేసుకో అన్నాను. ఆమె గొంతు పెంచలేదు. "బీడీకి దారం వదులుగ జుడితె చాటింపుల తీసి పారేస్తరు సారూ, నా చెయ్యి గట్లనే అలవాటైంది" అంది. చాటింపు అంటే కార్ఖానాలో బీడీల మంచిచెడ్డలు ఏరడం. ఇక్కడ చుట్టేది బీడీ కాదు కదా అని నేను నవ్వాను, పక్కవాళ్లూ నవ్వారు. ఆమె వైసు తీసుకుని వెళ్లి కూర్చుంది.

రెండు రోజుల తరవాత చూస్తే ఆమె ముందు వైసు ఖాళీగా ఉంది. గాలాన్ని ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బీడీని పట్టినట్టే పట్టుకుని, కుడిచేత్తో దారం చుడుతోంది. తీసి చూశాను. ఈగ చక్కగా వచ్చింది. దాని తల దగ్గర దారం చుట్లు ఒకదానికొకటి ఆనుకుని గట్టిగా ఉన్నాయి. ఒక ఫిట్టరుకు అక్కడే అర్థం కావాలి. నాకు మాత్రం కోపం వచ్చింది. పనిముట్టు ఇచ్చింది వాడడానికి, వాడకపోతే మార్కులు పోతాయని అందరూ వినేలా చెప్పాను. నేను తయారుచేసిన వైసును పక్కన పెట్టడం నాకు అవమానంగా తోచింది. కోపానికి అసలు కారణం అదే. క్రమశిక్షణ అని పైకి పేరు పెట్టుకున్నాను.

అక్టోబరు ఆఖరున పరీక్ష. రెండు గంటల్లో పదహారో నంబరు ఈగలు పది కట్టాలి. మార్కుల పట్టికలో నాలుగు గళ్లు, ఆకారం, వేగం, పనిముట్టు వినియోగం, చేతి పట్టు. రాజమణి ఈసారి వైసులోనే బిగించింది. తల కట్టేటప్పుడు దారాన్ని తన అలవాటు ప్రకారం లాగింది, గాలం గిర్రున తిరిగి ఈక ఒరిగిపోయింది. విప్పి మళ్లీ కట్టింది. మళ్లీ తిరిగింది. మర ఇంకా బిగించబోతే వేలు కమిలింది. గంటన్నర గడిచాక ఒకసారి తలెత్తి నా వైపు చూసింది. నేను గడియారం చూసుకున్నాను. సమయం అయిపోయేసరికి నాలుగు ఈగలే పూర్తయ్యాయి. ‘చేతి పట్టు చాలదు, పనిముట్టు వినియోగం అసంతృప్తికరం, అనుత్తీర్ణత’ అని ఆమె పేరు ఎదురుగా నా చేత్తో రాశాను. ఇరవై మందిలో తప్పింది ఆమె ఒక్కతే. మొదటి స్థానం వచ్చిన సుజాత అనే అమ్మాయిని సహాయ శిక్షకురాలిగా తీసుకున్నాం. ఆ అమ్మాయి తప్పు ఇందులో రవ్వంత లేదు.

ఫలితం చదివాక రాజమణి ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు. తన వైసును కొంగుతో తుడిచి, మిగిలిన దారం రీలుతో సహా లెక్కగా అప్పజెప్పి, "పోయొస్త సారూ" అని వెళ్లిపోయింది.

శిక్షణ పూర్తయిన పందొమ్మిది మందీ అదే హాలులో కూర్చుని కట్టి పంపిన మొదటి సరుకు జనవరిలో కలకత్తా నుంచి వెనక్కి వచ్చింది. నీళ్లలో నానబెట్టి చూస్తే తలల దగ్గర దారం ఊడిపోతోందని వ్యాపారి ఉత్తరం రాశాడు. కట్టు వదులుగా ఉందని, మాస్టర్ నేర్పిన బిగువు ఇది కాదని రాశాడు. జతగా మాస్టర్ కట్టిన ఈగను, మా సరుకులో ఒకదాన్ని పంపాడు. గోటితో తడిమితేనే తేడా తెలిసింది.

ఆ రోజు మధ్యాహ్నం అందరినీ భోజనానికి పంపి, మెట్‌పల్లి హాలులో కింద చాప మీద కూర్చుని మొదటిసారి నేనే ఈగ కట్టడానికి దిగాను. ఈ కార్యక్రమం మొదలై ఆరు నెలలైంది, అంతవరకు ఒక్క ఈగ కట్టలేదు. పదహారో నంబరు గాలం బిగించాను. దారం మెల్లగా చుట్టినంతసేపు ఏమీ కాలేదు. మాస్టర్ కట్టినంత బిగువు రావాలని పక్కకు, కిందికి లాగాను. గాలం తిరిగింది. ఇంకో వైసు తీశాను, అదీ అంతే. ఏడు వైసులు చూశాను. కొలతలు చూసే భూతద్దం పెట్టుకుని దవడల లోపలికి చూస్తే, మెత్తటి ఇనుములో గాలపు తీగ తిని తిని చేసిన గాడి దిగి ఉంది. పెద్ద గాలం ఆ గాడిని నింపేస్తుంది కాబట్టి కదలదు, చిన్నది అందులో పొర్లుతుంది. నా పటకారు నిలువునా లాగింది, దారం లాగేది అడ్డంగా.

అప్పుడు మొత్తం తెలిసింది. దారం వదులుగా చుట్టినవాళ్లకు ఆ వైసు ఎదురుతిరగలేదు. అందుకే వాళ్లు ఉత్తీర్ణులయ్యారు, అందుకే వాళ్ల ఈగలు నీళ్లలో ఊడాయి. సరైన బిగువు ఉన్న చెయ్యి ఇరవైలో ఒక్కటే. ఆ చేతి కిందనే గాలం తిరిగింది. నేను వైసుకు వేయవలసిన సున్నా మనిషికి వేశాను. సిగ్గుతో తల తిరిగిపోవడం అంటే ఏమిటో అరవైకి దగ్గర పడ్డాక తెలుసుకున్నాను.

ఇంతవరకు జరిగింది పొరపాటు. దీని తరవాత నేను చేసిందానికి ఆ పేరు కూడా చెల్లదు. మర్నాడు సత్తయ్య దగ్గరికి పోయి లారీ కమాన్ పట్టీతో ఇరవై జతల దవడలు చేయించాను. అతను ఎందుకని అడగలేదు. "నెల దినాల్ల ఇస్త సార్" అన్నాడు, నా కళ్లలోకి చూడకుండా. ఫైలులో ‘అరిగిన భాగాల మార్పు, మామూలు నిర్వహణ’ అని రాశాను. రాజమణి ఫలితం మార్చాలంటే పరీక్షే తప్పని, తప్పు పనిముట్టుదని, దాన్ని పరీక్షించి సంతకం చేసింది నేనేనని పై అధికారికి రాసుకోవాలి. ఆమెకు మళ్లీ పరీక్ష పెట్టమని అడగాలి. ఆ ఉత్తరం రెండుసార్లు రాశాను, రెండుసార్లూ చింపాను. రిటైర్మెంటుకు రెండు నెలలు ఉంది. విచారణ మొదలైతే పింఛను కాగితాలు ఆగుతాయని భయం. దాని కింద ఇంకో భయం ఉంది, ప్రిన్సిపాల్ గారి బల్లమీద నల్లగా మెరుస్తున్న ఆ వైసును చూసి జనం ఏమంటారోనని. మార్చి ఆఖరున శాలువా కప్పించుకుని, నిష్కళంకమైన సర్వీసు అని నలుగురు మాట్లాడుతుంటే తలవంచుకుని విని ఇంటికి వచ్చాను. వినయమనుకున్నారు.

జూన్‌లో ఇక ఉండబట్టలేక మెట్‌పల్లి బస్సెక్కాను. రాజమణి ఇంటి వసారాలో ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంది. తునికాకు కత్తిరించిన ముక్కలు, పొగాకు, దారం రీలు. నన్ను చూసి చాట పక్కన పెట్టి, దగ్గు ఆపుకుంటూ కుర్చీ తెచ్చి వేసింది. మంచినీళ్లు ఇచ్చింది. నేను ఏమీ దాచకుండా చెప్పాను. దవడలు మెత్తవని, గాలం తిరగడం నా తప్పేనని, ఆమె చెయ్యే సరైనదని, అది జనవరిలోనే తెలిసినా రాయలేదని. చెప్పి క్షమించమన్నాను.

ఆమె చాటలోని దారం రీలును పక్కకు సర్దింది. "నాకప్పుడే ఎర్కనే సారూ. నేను చిన్నది బెట్టి సూపిస్తె మీరు పెద్దది బెట్టి సూసిన్రు" అంది.

ఇంకొకసారి క్షమించమన్నాను.

"నాకు చేతగాదని అందరి ముంగట జదివిన్రు గద సారూ. గిప్పుడు గీ మాట నాకొక్కదానికి జెప్పుతున్నరు. నాకు ఎర్కున్న ముచ్చటే నాకు జెప్పి ఏం ఫాయిద? చెప్పేకాడ చెప్పిన్రా?"

చెప్పలేదన్నాను. ఆమె తల ఊపి చాటను మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. అందులో కోపం లేదు, చీకటి పడేలోపు చుట్టవలసిన బీడీలు ఉన్నాయి. నేను లేచి వస్తుంటే, చాయ్ తాగి పొమ్మని అంది. తాగాను. అంతకంటే కష్టమైన చాయ్ నా జన్మలో తాగలేదు.

ఇంటికి వచ్చి ఆ వారమే ఉత్తరం రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను, ఈసారి చింపలేదు. రెండు నెలలకు జవాబు వచ్చింది. సదరు శిక్షణా కార్యక్రమం ముగిసిందని, రిటైరైన ఉద్యోగి వినతి మీద పరీక్షా ఫలితం తిరగరాసే వీలు లేదని అందులో ఉంది. జవాబు సరైనదే. నేనే ఆ కుర్చీలో ఉంటే అలాగే రాసి ఉండేవాణ్ని.

పనిముట్టు ఎంచేవాడు ముందు దాంతో తానొక పూట పనిచేసి చూడాలి, వాడబోయేవాళ్లు పట్టేంత చిన్న పనే చెయ్యాలి. ఇది ఏ ఫిట్టరుకైనా చెప్పనక్కరలేని సంగతి, నేను ఆలస్యంగా గుర్తు చేసుకున్నాను. నాకు కొత్తగా తెలిసింది మరొకటి. తప్పు తెలిసిన రోజున దాన్ని దిద్దే సంతకం నా చేతిలో ఉంది, అరవై రోజులపాటు ఉంది. దాన్ని నా పింఛను కోసం ఆపుకున్నాను. నా పింఛను ఒక్క నెల కూడా ఆలస్యం కాకుండా వస్తోంది. రాజమణి బీడీలు చుడుతోంది.